తెల్లవారుజాము గడి

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాసుకుంటూ పోతే ఆయన రాసిన పుస్తకం కన్నా లావుది తయారవుతుంది. ఆయనది నాలుగు వందల పేజీలు. ఉప్పెంత వెయ్యమంటారని అడిగితే "నీళ్ళెన్ని పోశావు?" అని ఎదురు ప్రశ్న వేసే మనిషి. మా గోడ గడియారం పదకొండు సెకన్లు వెనకబడిందని పాలవాడితో తగువు పెట్టుకున్న మనిషి. ఇరవై రెండేళ్ళ కాపురంలో "తప్పు నాది" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. పప్పు మాడితే పొయ్యిది తప్పు, రైలు వెళ్ళిపోతే రైలుది తప్పు. ఒకసారి గొడుగు మీద కూచుని విరగ్గొట్టి, తయారీలో లోపం ఉందని కంపెనీకి రెండు పేజీల ఉత్తరం రాశారు. వాళ్ళు కొత్త గొడుగు పంపారు. అదీ నా ఖర్మ.

ఆయన పేరు దివాకరం. పంచాంగాలు గుణించే ఇంట పుట్టి, ఖగోళశాస్త్రం చదివి, విశాఖ ఒడ్డున ఉన్న ఒక ప్రయోగశాలలో చేరారు. నేను వైదేహిని. చదువు లెక్కల్లో బియస్సీ, ఉద్యోగం వంటింట్లో.

ఆరేళ్ళ కిందట సూర్యుడు ఒక్క తుమ్ము తుమ్మాడు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలన్నిటికీ ఒకే రోజు కళ్ళు పోయాయి. దారి చెప్పే యంత్రాలు మూగపోయాక ఓడలవాళ్ళు మళ్ళీ తాతలనాటి పద్ధతికి దిగారు. చుక్కల ఎత్తు కొలిచి, పుస్తకం తిరగేసి, సముద్రంలో తామెక్కడున్నదీ లెక్కగట్టుకోవడం. ఆ గుడ్డి రోజుల్లో సముద్రపు దొంగలు రేవులోకే వచ్చి, రెండు ఓడల్లో ఉన్నవాళ్ళందరి గొంతులూ కోసి పోయారు. అప్పుడు మా ఆయన ప్రయోగశాల కాపరిని తయారుచేసింది.

కాపరి అంటే మనిషి లేని మరపడవ. ముక్కున తుపాకి, నెత్తిన కన్ను. సాయంసంధ్యలోనూ తెల్లవారుజామునా, చుక్కలూ సముద్రపు అంచూ రెండూ కనిపించే ఆ కాసేపట్లో, కన్ను తెరిచి చుక్కల్ని కొలుస్తుంది. తలలో ఉన్న పట్టిక చూసుకుని తన చోటు తేల్చుకుంటుంది. పొద్దెక్కాక సూర్యుణ్ణి చూసి మరోసారి సరిచూసుకుంటుంది. దానికి నేర్పిన ధర్మం ఒక్కటే. రేవుకి యాభై కిలోమీటర్ల లోపల అనుమతి లేని పడవ కనిపిస్తే కాల్చాలి, బయట కనిపిస్తే చూసి ఊరుకోవాలి. అలాంటివి పన్నెండు సముద్రంలో తిరుగుతున్నాయి. పదమూడోది, మొదట చేసిన నమూనా, ప్రయోగశాల జెట్టీకి కట్టి ఉంటుంది.

ఆ తలలోని పట్టిక మా ఆయన పుస్తకమే. సూర్యుడు మళ్ళీ తుమ్మినా చెరిగిపోకుండా గాజు పలక మీద చెక్కించారు. ప్రూఫులు నేనే దిద్దాను. పదిహేడు అచ్చుతప్పులు పట్టుకున్నాను. ఆయన నన్ను మెచ్చుకోలేదు, అచ్చువాణ్ణి తిట్టారు.

దొంగలు దొంగ ఆజ్ఞలు పంపుతారని, కాపరులు ఎవరి మాటా వినకుండా కట్టుదిట్టం చేశారు. "పట్టికే తప్పయితే ఏం చేద్దామయ్యా?" అని డైరెక్టరు పరాంకుశంగారు అడిగారట. మా ఆయన పెద్దగా నవ్వి, "అయితే నా నోటితో నేనే చెబుతాను లెండి" అని మూడే మూడు మాటలు తన గొంతుతో కాపరులకి నేర్పించారు. "నా పట్టిక తప్పు." రికార్డు చెల్లదు, ఆయన గొంతులో అప్పటికప్పుడు సరిగ్గా ఆ మూడు మాటలూ, ముందూ వెనకా ఏమీ లేకుండా వినిపిస్తేనే కాపరులు తుపాకులు దించుతాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా చెప్పి మళ్ళీ నవ్వారు.

"ఇంట్లో మనిషికి ఒక్కసారి చెప్పని మాట యంత్రానికి చెప్పొచ్చారా?" అన్నాను.

"అవసరం రాదు కనక చెప్పాను" అన్నారు.

*

మా పిల్లి పేరు తహసీల్దారు. మడివంట ఇంట్లో పుట్టి కూడా పప్పన్నం ముట్టదు. దానికోసం పెరటి గుమ్మంలో పోలమ్మ దగ్గర చేప తలకాయలు తీసుకుంటాను. అత్తగారికి తెలియదని నేను నటిస్తాను, తెలియనట్టు ఆవిడ నటిస్తుంది. పోలమ్మ బుట్టకి ఎర్రరంగుతో డెబ్భై ఏడు అని రాసి ఉంటుంది. అది వాళ్ళాయన నూకరాజు పడవ నంబరు.

"పిల్లికేనా అమ్మగోరు, మీకు కాదు గదా?" అంటుంది రోజూ.

"నాకైతే తలకాయలెందుకే, ముక్కలే అడుగుతాను" అంటాను రోజూ.

ఆ సోమవారం మధ్యాహ్నం బుట్ట లేకుండా వచ్చింది. చీర మోకాళ్ళ దాకా బిరుసెక్కి ఉంది. తడి అనుకున్నాను. నెత్తురు, ఎండిపోయింది.

"ఏమైంది పోలమ్మా?"

"నిన్న తెల్లారగట్ట మీ కాపరి కాల్చినాదమ్మా. మూడు పడవలు, పదకొండు మంది. నాలుగోది మాది, యెనకాల ఉంది. మావోడు నీలల్లోకి దూకి దొరికినోళ్ళని దొరికినట్టు ఎత్తినాడు." ఆమె గుమ్మం మీద కూలబడింది. "మా మరిది ఎల్లాజీ నడుం కాడికి ఉన్నాడు. కింద సగం నేదు. ఒడ్డున దించుతుంటే నేనే పట్టుకున్నాను. ఎంత తేలిగ్గా ఉన్నాడో."

నా నోట వచ్చిన మాట రాకపోయినా బాగుండేది. "హద్దు దాటి లోపలికొచ్చారేమో."

"హద్దా? నూట నలభై కిలోమీటర్ల అవతల ఉన్నారమ్మా. సీసం గుండు ఏత్తే తాడంతా ఎల్లిపోనాది, నేల తగల్నేదు. మీ హద్దు కాడ నలభై బారలకే నేల తగుల్తాది. నేలే నేని కాడ హద్దేటి?"

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట మా ఆయనకి చెప్పాను. కాపరి కాల్చడం అది మూడోసారి. మూడుసార్లకీ కలిపి ఇరవై ఆరు మంది.

"హద్దులోకి వచ్చారు కనక కాల్చింది" అన్నారు ఆయన, చారు కలుపుకుంటూ.

"గుండుకి నేల తగల్లేదంటున్నారు."

"తాగి ఉంటారు. తాడు నీటివాలుకి కొట్టుకుపోయి ఉంటుంది. చూడు వైదేహీ, నా పట్టిక ఏడో దశాంశం దాకా సరి. తాడుకి దశాంశాలుంటాయా?"

"తాడుకి చివర ఉంటుందండీ. అది చాలు వాళ్ళకి" అన్నాను. ఆయన మజ్జిగ అడిగారు.

*

మంగళవారం కార్తీక ఏకాదశి. అత్తగారు ఉపవాసం. మా ఆయన ఆకలిని నమ్మే మనిషి కనక క్యారియర్ పట్టుకుని నేనే ప్రయోగశాలకి వెళ్ళాను. గోడ మీద కాల్పుల పట్టీ ఉంది. మూడు తేదీలు, మూడు వేళలు. 5.31, 6.10, 5.47. అన్నీ తెల్లవారుజామునే.

"అన్నీ డికాక్షన్ దిగే వేళకే" అన్నాను. "సాయంత్రాలు ఒక్కసారీ కాల్చలేదే. సాయంత్రం హద్దు దాటడం పాపమా?"

"కాకతాళీయం" అన్నారు మా ఆయన.

"తెల్లవారుజామున ఎప్పుడైనా పరీక్షించారా?"

పరాంకుశంగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పరీక్షలన్నీ సాయంత్రమేనమ్మా. సిబ్బంది వేళలు పది నుంచి ఆరు."

"అవే చుక్కలు, అదే కన్ను, అదే పట్టిక" అన్నారు మా ఆయన. "పొద్దున్నయితే మారిపోతాయా? నువ్వు క్యారియర్ విప్పు."

విప్పలేదు. బయట గేటు విరిగిన చప్పుడయింది.

మూడు వందల మంది ఉంటారు. చేతుల్లో తెడ్లు, పెద్ద చేపల్ని లాగే కొక్కేలు. ముందు నలుగురు వెదురు బొంగుకి వల కట్టి మోసుకొస్తున్నారు. వలలో ఏముందో పొట్టితనం చూస్తేనే తెలిసింది. గేటు దగ్గరి గార్డు తుపాకి పైకెత్తి కాల్చబోయాడు. ఎవరో చెయ్యి లాగారు. గుండు ముందున్న ముసలాయన దవడ ఎగరగొట్టింది. ఆయన పడలేదు, దవడ ఉన్నచోట చెయ్యి పెట్టుకుని, ఏదో మరిచిపోయినవాడిలా నిలబడ్డాడు. తరవాత తెడ్లు లేచాయి. గార్డు అరిచినంతసేపు కొట్టారు, అరుపు ఆగాక కూడా కొట్టారు. తడిబట్ట బండమీద బాదినట్టు చప్పుడు. నాకు ఇప్పటికీ బట్టలు ఉతికితే అదే వినిపిస్తుంది.

కిటికీ అద్దాలు మా మీద రాలాయి. నూకరాజు లోపలికొచ్చాడు. అతన్ని చూడ్డం అదే మొదలు. గట్టి మనిషి, ఎడమ చేతికి గుడ్డ చుట్టి ఉంది. నేరుగా మా ఆయన జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచి, చేపలు కోసే కత్తి మెడకానించాడు.

"పుస్తకం రాసింది నువ్వేనా?"

"నేనే."

"తప్పు రాసినావు."

మెడ మీద కత్తి ఉన్నప్పుడు మనుషులు నిజాలు ఒప్పుకుంటారంటారు. మా ఆయన మెడ మీద నెత్తురు బొట్టు కట్టింది. అయినా అదే గొంతుతో, క్లాసులో చెప్పినట్టు, "పుస్తకంలో తప్పు లేదు" అన్నారు.

నూకరాజు కత్తి తిప్పి పిడితో తల మీద కొట్టాడు. చర్మం చీలిన చప్పుడు నాకు వినిపించింది. రెండోసారి చెయ్యెత్తేలోపల నేను క్యారియర్ విసిరి అతని మోచేతి మీద కొట్టాను. మనిషిని కొట్టడం నా జన్మలో అదే మొదలు. సాంబారు ముగ్గురి మీదా పడింది.

అతను నన్ను చూశాడు. పక్కనున్నవాడు తెడ్డెత్తితే ఆపాడు.

"పిల్లి అమ్మగోరు నువ్వేనా?"

తలూపాను.

"మా ఆడది మీ గుమ్మంలో కూకుంటాది. అందుకని ఒదిలేత్తన్నాను." కత్తి మొలలో దోపుకున్నాడు. "ఇప్పుడే నలభై పడవలు ఎల్తన్నాయి. తెల్లారేసరికి అక్కడుంటాం. చేపల్ని పేల్చే మందుంది. మీ కాపర్లన్నా ఉంటాయి, మేమన్నా ఉంటాం."

"వద్దు నూకరాజూ. ఆగండి, కనుక్కుంటాం."

"ఏటి కనుక్కుంటారమ్మా? మీ ఆయన పీకకాడ కత్తెట్టినా తప్పు నేదన్నాడు గదా."

*

మా ఆయన తలకి తొమ్మిది కుట్లు పడ్డాయి. సాయంత్రం మంచం మీద పడుకుని, ఎనిమిది వెయ్యాల్సిన చోట తొమ్మిది వేశాడని డాక్టర్ని తప్పు పట్టారు. నేను చేతులు కడుక్కుంటూనే ఉన్నాను.

అత్తగారు పంచాంగం పట్టుకుని వచ్చింది. మామగారు పోయి పదేళ్ళయినా ఆయన పద్ధతిలో అచ్చయ్యే పంచాంగం తప్ప ఇంకోటి ముట్టదు. "వైదేహీ, కళ్ళు ఆనడం లేదు. ఏకాదశి ఎప్పటిదాకా ఉందో చూడు. రేపు పారణ."

"తె. 5.08 వరకు."

"మరి ఈ పూట ఆ పెరుగు కూడా ముట్టను. తెల్లవారుజాము ఐదింటిదాకా ఏకాదశే."

"ఆ తెల్లవారుజాము బుధవారం కదండీ అత్తయ్యా. ఇక్కడ మంగళవారం వరసలో వేశారు."

అత్తగారు నన్ను జాలిగా చూసింది. "పొద్దు పొడవందే రోజు మారుతుందటే? నీ గడియారంవాళ్ళు అర్ధరాత్రి దొంగల్లా మారుస్తారు కానీ, మనకి తెల్లారేదాకా మంగళవారమే. అందుకే పెళ్ళి శుభలేఖలో 'మంగళవారం తెల్లవారితే బుధవారం' అని వేస్తారు. లేకపోతే సగం చుట్టాలు ముందురోజే వచ్చి కూచుంటారు."

నా చేతిలో పంచాంగం అలాగే ఉండిపోయింది.

తెల్లవారితే.

లోపలికెళ్ళి మా ఆయన పుస్తకం తెచ్చాను. రోజుకో వరస. వరసకి ఐదు గడులు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, తెల్లవారుజాము. తెల్లవారుజాము గడి అన్నిటికన్నా చివర ఉంది, మామగారి పంచాంగంలో లాగే. నాలుగు వందల పేజీలు ప్రూఫు దిద్దాను. పదిహేడు తప్పులు పట్టాను. ఆ గడి అక్కడ ఉండటం నాకు తప్పుగా తోచలేదు. మా ఇంట్లో తెల్లవారుజాము ఎప్పుడూ చివరే వస్తుంది.

పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను. "మంగళవారం వరసలో ఉన్న ఈ తెల్లవారుజాము, ఏ రోజుదండీ?"

"మంగళవారందే."

"మంగళవారం రాత్రి గడిచాక వచ్చేదా?"

"అవును. తెల్లవారితే బుధవారం. ఇదేం ప్రశ్న?"

"యంత్రం గడియారంలో రోజు ఎప్పుడు మారుతుంది?"

ఆయన ఆ గడి మీద వేలు పెట్టారు.

"అర్ధరాత్రి మారుతుంది. బుధవారం తెల్లవారుజామున కన్ను తెరిచి, బుధవారం వరస తీస్తుంది. అందులో చివరి గడి చూస్తుంది. అది గురువారం తెల్లవారుజాముది. ఒక రోజు తేడా." పేజీ తిప్పి చూపించాను. "చుక్కలు రోజుకెంత ముందుకొస్తాయి?"

"నాలుగు నిమిషాలు."

"అంటే ఆకాశంలో ఒక డిగ్రీ. సముద్రంలో వంద కిలోమీటర్లు. పడమటికి. నూట నలభై కిలోమీటర్ల అవతల ఉన్న కాపరి నలభై దగ్గర ఉన్నాననుకుంటుంది. పక్కనున్న పడవలు హద్దులో ఉన్నాయనుకుంటుంది. ఎండెక్కి సూర్యుణ్ణి చూసేదాకా అలాగే అనుకుంటుంది."

ఆయన పుస్తకం మూసేశారు. మొహం కట్టుకట్టిన గుడ్డ కన్నా తెల్లగా ఉంది. "అంకెలు సరిగ్గానే ఉన్నాయి."

"అంకెలు సరే. వరస?"

"ఎవరైనా అలాగే చదువుతారు."

"మనింట్లో చదువుతారు. యంత్రం మనింట్లో పుట్టలేదు." ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఇప్పుడే వెళ్ళి ఆ మూడు మాటలూ చెప్పండి. నలభై పడవలు దారిలో ఉన్నాయి."

"రుజువేదీ?" అన్నారు. "వంటింట్లో పంచాంగం చూసి పన్నెండు కాపరుల్నీ దింపెయ్యనా? దొంగలు కాచుకుని ఉన్నారు. నమూనాని తెల్లవారుజామున పరీక్షిద్దాం. తేడా వస్తే అప్పుడు చూద్దాం."

తేడా వస్తే ఇరవై ఆరు మందిని చంపింది ఎవరో తేలిపోతుంది. ఆయన అడుగుతున్నది రుజువు కాదు, ఇంకొక్క రాత్రి. అది నాకు తెలుసు. ఆయన నోట మాట నేను పెగల్చలేను. ఆ గొంతు నాకుంటే సాయంత్రం ఆరింటికే చెప్పేదాన్ని.

*

బుధవారం ఐదింటికి జెట్టీ మీద ముగ్గురం నిలబడ్డాం. పరాంకుశంగారు శాలువా కప్పుకున్నారు. గేటు దగ్గర నిన్నటి మరక మీద ఎవరో ఇసక పోశారు. నమూనా కాపరి తాళ్ళకి కట్టేసి ఊగుతోంది.

ఐదున్నరకి తూర్పున సముద్రపు అంచు గీత గీసినట్టు తేలింది. కాపరి నెత్తి మీద మూత తెరుచుకుంది. కన్ను అటూ ఇటూ తిరిగి ఒక్కో చుక్క దగ్గరా ఆగింది. లోపల గాజు పలక జరిగిన చప్పుడు. చిన్న తెర మీద అంకెలు వెలిగాయి.

రేవు రేఖాంశం ఎనభై మూడు డిగ్రీల పద్దెనిమిది నిమిషాలు. తెర మీద ఎనభై రెండు డిగ్రీల పంతొమ్మిది నిమిషాలు.

పరాంకుశంగారు పటం విప్పి వేలు పెట్టారు. "ఇది... చింతపల్లి దగ్గర. కాఫీ తోటలు."

నీళ్ళలో తేలుతున్న పడవ, తాను కొండమీద కాఫీ తోటలో ఉన్నానంటోంది. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని.

అప్పుడు వైర్‌లెస్ గదిలోంచి గొంతు వినిపించింది. కాపరులకి ఒక అమ్మాయి గొంతు పెట్టారు, తియ్యగా ఉంటుంది. "కాపరి ఏడు. హద్దులో పరాయి పడవలు. నలభై. కాల్పులు మొదలు."

పరుగెత్తాం. స్పీకర్లో కాపరి చెవికి వినిపించేదంతా మాకూ వినిపిస్తుంది. తుపాకి చప్పుడు కుట్టుమిషను లాగా ఆగకుండా కొడుతోంది. కేకలు. కొయ్య చీలిన చప్పుడు. ఎవరో అమ్మని పిలుస్తున్నారు, సగంలో నోట్లో నీళ్ళు పోయిన గొరగొర. ఎక్కడో మందు పేలింది, స్పీకరు కీచుమంది. "పడవ పన్నెండు, మునక. పడవ నలభై ఒకటి, మునక" అంటోంది ఆ తియ్యటి గొంతు, పడవల మీది నంబర్లు చదివి హాజరు తీసుకుంటున్నట్టు.

పరాంకుశంగారు మైకు మా ఆయన చేతిలో పెట్టారు. టైము 5.41.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "నా పట్టికలో, అంటే అంకెల్లో కాదు, వరసలో మాత్రం తప్పు..."

"ఆజ్ఞ అర్థం కాలేదు" అంది కాపరి. "పడవ ముప్ఫై, మునక."

"ఉన్న మాట చెప్పవయ్యా, మూడు ముక్కలే" అన్నారు పరాంకుశంగారు.

"కాపరీ, విను. నా పట్టిక తప్పని కాదు, దాన్ని చదివే పద్ధతి..."

"ఆజ్ఞ అర్థం కాలేదు."

స్పీకర్లో ఒక గొంతు దగ్గరగా, కాపరి పక్కకే వచ్చినట్టు వినిపించింది. "తిప్పండ్రా, ముక్కు మీదకి తిప్పండి, ఒత్తి ముట్టించినాను..." ఆ గొంతు నాకు తెలుసు. నిన్న నన్ను పిల్లి అమ్మగోరన్న గొంతు. తుపాకి తిరిగింది. చాలా దగ్గరనుంచి కొట్టిన చప్పుడు వేరుగా ఉంటుంది, మెత్తగా.

"పడవ డెబ్భై ఏడు, మునక."

నేను మా ఆయన మొహమ్మీద కొట్టాను. రెండు రోజుల్లో రెండోసారి. కుట్లు ఒకటి రెండు తెగి నెత్తురు కనుబొమ్మ మీదకి జారింది. ఆయన నావైపు చూడలేదు. మైకుకి దగ్గరగా వంగారు.

"నా పట్టిక తప్పు."

గదిలో చప్పుడంతా ఒక్కసారి కోసేసినట్టు ఆగింది. తుపాకి ఆగాక కేకలు ఇంకా బాగా వినిపించాయి.

"స్వీకరించాను" అంది కాపరి. "కాల్పులు నిలిపివేత." గోడ గడియారం 5.44.

*

పడవలు మధ్యాహ్నం మూడింటికి ఒడ్డుకి చేరాయి. నలభై వెళితే ముప్ఫై ఒకటి. కొన్నిటిని తాళ్ళు కట్టి లాక్కొచ్చారు. శవాల్ని వలల్లో చుట్టి ఇసక మీద వరసగా పెట్టారు. కొన్ని వలలు నిండుగా లేవు. ఆడవాళ్ళు వరస పొడుగునా నడుస్తూ, వంగి చూస్తూ, ఒక్కో చోట ఆగిపోతున్నారు.

మా ఆయన వస్తానన్నారు. నేను ఆపలేదు. పోలీసులు తోడొస్తామంటే ఆయనే వద్దన్నారు. మమ్మల్ని చూసి పదిమంది తెడ్లతో లేచారు. ఒక రాయి ఆయన భుజానికి తగిలింది, ఇంకొకటి నా చెవి పక్కనుంచి పోయింది. ఆయన ఆగకుండా నడిచారు. ఆగి ఉంటే నేనే నెట్టేదాన్ని.

పోలమ్మ ఇసకలో కూచుని ఉంది. ముందు వల లేదు, మనిషి లేడు. డెబ్భై ఏడు అని ఎర్రంకెలున్న చెక్కముక్క ఒకటి ఒళ్ళో పెట్టుకుంది.

"రానియ్యండ్రా" అంది. తెడ్లు ఆగాయి, దిగలేదు.

మా ఆయన ఆమె ముందు మోకాళ్ళ మీద కూచున్నారు. ఇస్త్రీ పంచె తడి ఇసకలో. నేను పక్కన నిలబడ్డాను.

"ఆడు కాపరి ముక్కు కాడికి ఎల్లిపోయినాడంట" అంది పోలమ్మ. ఏడవడం లేదు. "పక్క పడవోళ్ళు సెప్పినారు. ఇంకొక్క బార ఎల్తే పేల్చేసేవోడంట. ఆడు పోయినాక, ఇలగ వక్క నవిలేలోపల, కాపరి తుపాకి దించేసినాదంట. తనంతట తనే." తలెత్తి మా ఆయన్ని చూసింది. "ముందే ఎందుకు దించనేదు బాబూ?"

మా ఆయన నోరు తెరిచారు. "అంకెల్లో ఏమీ లేదమ్మా, గడి వరసలో..."

ఆగారు. నేను గిచ్చలేదు, తట్టలేదు. తనంతట తనే ఆగారు. ఆమె ఒళ్ళో ఉన్న చెక్కముక్క కేసి చూశారు. కనుబొమ్మ మీద ఎండిన నెత్తురు పగిలి మళ్ళీ తడయింది.

"ఆపే మాట నా నోట్లోనే ఉంది" అన్నారు. "నిన్న సాయంత్రమే ఉంది. రుజువు కావాలన్నాను. పొద్దున్న మైకు చేతికొచ్చాక కూడా మూడు నిమిషాలు సంజాయిషీ చెప్పుకున్నాను. నూకరాజు ఆ మూడు నిమిషాల్లో పోయాడు."

అలలు వలల అంచుల దాకా వచ్చి పోతున్నాయి.

"పట్టిక కాదు పోలమ్మా" అన్నారు మా ఆయన, అందరికీ వినిపించేలా. "తప్పు నాది."